ఎర్ర పెన్సిలు శుక్రవారాలు

పోయిన ఆదివారం మా చెల్లెలి మనవడు ఇమ్రాన్ తిరుపతిలో మా ఇంటికి వచ్చినప్పుడు వాడి మొహం చూసి ఎవరికో ఏదో అయిందనుకున్నాను. అయింది నిజమే, కానీ వాడి కోపం దాన్ని గురించి కాదు, దాన్ని టీవీలో చెప్పిన తీరు గురించి. ఇమ్రాన్‌కూ వాడి స్నేహితులకూ కార్లంటే పిచ్చి. ఆదివారం పొద్దున్నే ఇరవై మంది దాకా చంద్రగిరి దారిలో ఒక టీ కొట్టు ముందు బండ్లు వరసగా నిలిపి, బానెట్లు ఎత్తి, పెళ్లిచూపులకు వచ్చినవాళ్లలాగా ఒకరి ఇంజను ఒకరు చూసుకుంటూ నిలబడతారు. వాళ్లలో ఒక కుర్రాడి కారు తిరుచానూరు రోడ్డులో డివైడర్‌ను గుద్దింది. పిల్లవాడు బతికాడు. చెయ్యి విరిగితే పుత్తూరు తీసుకుపోయి కట్టు కట్టించి ఇంట్లో పడుకోబెట్టారు. కానీ ఒక టీవీ చానలు ఆ రోజంతా ఆ కారును వదల్లేదు. దాని ఇంజను బలం రెండు వందల ఇరవై గుర్రాలైతే, అది రెండు వందల ఇరవై కిలోమీటర్ల వేగంతో వచ్చి గుద్దిందని చెప్పారు. వెనక బిగించిన రెక్క వల్ల కారు గాల్లోకి లేచిందన్నారు. అటువంటి రెక్క పెట్టేదే బండిని నేలకు అదిమి ఉంచడానికి. ఈ సంగతి నాకు కూడా తెలుసు, డెబ్భై ఏళ్ల తెలుగు టీచరమ్మకు.

వాళ్ల వాట్సప్ గుంపులో పిల్లలు రాసుకున్నవన్నీ ఇమ్రాన్ నాకు చూపించాడు. కొన్నిటికి నవ్వొచ్చింది. ఒకడు ఎడ్లబండికి రెక్క తగిలించిన బొమ్మ గీసి పంపాడు. ఇంకొకడు ఆ యాంకరమ్మను సైకిలు తొక్కడం వచ్చా అని అడిగాడు. నవ్వుల కింద మంట మాత్రం నిజమైనదే. తాము ప్రాణంగా చూసుకునే వస్తువు గురించి తెలియనివాళ్లు నోటికొచ్చింది మాట్లాడితే ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. ఇమ్రాన్ ఫోనులో ఒక చిన్న రాత తయారుచేసి పెట్టుకొని వచ్చాడు. మూడు పాయింట్లు. మొదటిది గుర్రాలకూ కిలోమీటర్లకూ తేడా. రెండోది ఆ రెక్క సంగతి. మూడోది, అసలు ప్రమాదం ఎందుకు జరిగిందనేది. డివైడర్ సందులోంచి ఒక పూలమ్మే ఆమె గంప ఎత్తుకొని ఉన్నట్టుండి అడ్డం వస్తే, ఆమెను తప్పించబోయి వీళ్లవాడు డివైడర్‌ను గుద్దాడు. తప్పు కారుది కాదు, కుర్రాడిదీ కాదు.

“నానీ, నువ్వు పేపర్లో రాసే మనిషివి. నీ పేరుతో పంపితే ఏస్తారు. మావోడిని హంతకుడి మాదిరి చూపిస్తా ఉండారు,” అన్నాడు.

ముందు తిను, తర్వాత చూద్దాం అన్నాను. వాడు తింటుండగా లోపలి గదిలోకి పోయి, మంచం కిందనుంచి మా నాయన రేకు పెట్టె బయటికి లాగాను. మా తమ్ముడు చిత్తూరు ఇల్లు అమ్మినప్పుడు నా వంతుకు వచ్చిన పెట్టె అది. తెచ్చిన రోజు ఎట్లా ఉందో అట్లాగే ఉంది. మూత తుప్పుపట్టి రావడం లేదు. చెంచా పెట్టి ఎత్తితే లోపలనుంచి గ్రీజు వాసన వచ్చింది. ఇన్నేళ్ల తర్వాత వాసన రాదు, నా భ్రమే అయి ఉంటుంది. నాలుగు నోటుబుక్కులు, వేలంత పొడవు ఎర్ర పెన్సిలు ముక్క, మడిచిన పేపరు కత్తిరింపు ఒకటి. ఆ కత్తిరింపును విప్పకుండా పక్కన పెట్టాను.

చిత్తూరులో మాది ముందర షెడ్డు, వెనక ఇల్లు. రెండింటి మధ్య ఒక గడప, గడపకు అమ్మ పాత చీరతో కుట్టిన పరదా. పరదాకు ఆవల పెట్రోలు, కాలిన రబ్బరు, వెల్డింగు వాసన. ఈవల అల్లం టీ, సాంబ్రాణి. మా నాయన ఖాదర్ బాషా మోటారు మెకానిక్కు. ఇంట్లో ఉర్దూ, తెలుగూ కలిపి మాట్లాడుకునేవాళ్లం, కానీ తండ్రిని మాత్రం వీధిలో అందరు పిల్లల్లాగే నాయనా అనేవాళ్లం. ఆయన ఏ ఇంజనునూ ముందు విప్పేవాడు కాదు. స్క్రూడ్రైవరు మొన ఇంజనుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకొని, కళ్లు మూసుకొని వినేవాడు. లోపల ఏది నొచ్చుకుంటున్నదో అప్పుడు చెప్పేవాడు. సాయంత్రం కిరసనాయిలూ రంపపు పొట్టూ కలిపి చేతులు రుద్దుకుంటుంటే, దీపాలకు పెట్టుకున్న కిరసనాయిలు కాస్తా నీ చేతులకే సరి అని అమ్మ రోజూ సణిగేది. రోజూ ఆమే గిన్నెలో పోసి ఇచ్చేది.

ఉర్దూ తప్ప నాయనకు వేరే చదువు లేదు. తెలుగు మాట్లాడేవాడే గానీ చదవలేడు. అందుకని శుక్రవారం పని నాకు పడింది. శుక్రవారం జుమ్మా నమాజుకు షెడ్డు మూసేవాడు, మళ్లీ తెరిచేవాడు కాదు. మధ్యాహ్నం అమ్మ కుస్కా చేసేది. తిని, చేతులు కడుక్కున్నాక మూడు గంటల వేళకు మనుషులు వచ్చేవాళ్లు. బంగారుపాళ్యం నుంచి వెంకటముని నాయుడు, ఆయన కొడుకు మురళి. నాయుడికి మామిడి తోటలు, హైవే పక్కన గుజ్జు తీసే ఫ్యాక్టరీ ఉండేవి. ఇంకొకాయన దొరస్వామి, రిటైరైన బస్సు డ్రైవరు, సగం తమిళంలో మాట్లాడేవాడు, మిగతా సగం నిద్రపోయేవాడు. ఈ నలుగురికీ మోటార్లే లోకం. ఏటా మద్రాసు దగ్గర షోళవరంలో కార్ల పందేలు జరిగితే తెల్లవారి బస్సుకు అన్నం మూటలు కట్టుకొని పోయి, రెండు రోజులు ఎండలో నిలబడి, చెవులు దిబ్బళ్లు వేసుకొని తిరిగి వచ్చేవాళ్లు.

శుక్రవారం పని ఏమిటంటే, ఆ వారం పేపర్లలో మోటార్ల గురించి, పందేల గురించి, ప్రమాదాల గురించి వచ్చిన వార్తలు అన్నీ నేను గడప మీద కూర్చొని పైకి చదవాలి. పరదా సగం పక్కకు జరిపి ఉండేది. నాయన ఇంజను విన్నట్టే కళ్లు మూసుకొని వినేవాడు. నాయుడి చేతిలో ఎర్ర పెన్సిలు. వాక్యం సరిగ్గా ఉంటే పక్కన ఒక టిక్కు, తప్పుంటే కింద గీత. టిక్కులు తక్కువ, గీతలు ఎక్కువ. పందెంలో గెలిచిన కారు అన్నిటికంటే బరువైనది కాబట్టే గెలిచిందని ఒక పేపరు రాసింది. ఆ వాక్యానికి నాయుడు రెండు గీతలు గీశాడు. ఎక్కడ ఏ కారు బోల్తా కొట్టినా విలేకరులు ఒకే వేగం రాస్తారు, మీటరు మీద చివరి అంకె ఎంతుంటే అంత. గడియారం చూస్తే ఎప్పుడూ పన్నెండే అంటారేమో వీళ్లు అని మురళి అనేవాడు. దొరస్వామి నిద్రలోంచి లేచి నవ్వి, మళ్లీ పడుకునేవాడు.

గీతలన్నీ పోగయ్యాక నాయన ఉత్తరం చెప్పేవాడు, నేను రాసేదాన్ని. సంపాదకుడికి నమస్కారం, ఫలానా వార్తలో ఫలానా పొరపాటు, సరైనది ఇది. కింద ‘కె. ఖాదర్ బాషా, మెకానిక్కు, చిత్తూరు’. పది పంపితే ఒకటో రెండో అచ్చయ్యేవి. నాకప్పుడు పంతొమ్మిదేళ్లు, కాలేజీలో తెలుగు చదువుతున్నాను. నాయన చెప్పిన నాలుగు మాటలకు నేను ఎనిమిది చేర్చేదాన్ని. ఇంత సక్కెర ఎందుకు మా, వాళ్లకి రోగం వస్తాది అనేవాడు. కానీ అచ్చయిన రోజు నా మాటల్నే వీధిలో చదివించుకొని వినేవాడు. నేను రచయిత్రిని అయ్యానంటే ఆ ఉత్తరాల వల్లే. ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. బడిలో చదువుకున్న పద్యాల వల్ల అని చెబుతూ వచ్చాను, వినడానికి అది గౌరవంగా ఉంటుందని.

రాసిన ఉత్తరం శనివారం దాకా పోస్టు చెయ్యకూడదు. అది నాయన పెట్టిన నియమం. ఒకసారి ఒక లారీ బ్రేకులు ఫెయిలై లోయలో పడిందని పేపర్లో వస్తే, బ్రేకులు బాగానే ఉన్నాయని నాయన లారీని చూసి వచ్చి ఉత్తరం చెప్పాడు. శనివారం పొద్దున అదే ఉత్తరం చించేశాడు. బ్రేకులు బాగుంటే తప్పు డ్రైవరుది అవుతుంది, వాడికి ముగ్గురు పిల్లలు అన్నాడు. అప్పుడు నాకు ఆయన మీద కోపం వచ్చింది. నిజం కోసం ఇంత తాపత్రయపడే మనిషి చేతిలోకి వచ్చిన నిజాన్ని చించి పారేయడం నాకు పిరికితనంగా కనబడింది. ఆ వయసులో అన్నీ అట్లాగే కనబడతాయి.

మురళి గురించి ఎక్కువ రాయలేను. నాకంటే మూడేళ్లు పెద్ద. పొడుగ్గా ఉండేవాడు, నవ్వితే ముందు భుజాలు కదిలేవి. నేను చదువుతుండగా ఏదైనా మాట తడబడితే గడపవైపు చూడకుండా, ‘నిదానంగా’ అనేవాడు. మా మధ్య జరిగింది అంతే. వాళ్ల నాయనను బతిమాలి ఒక పాత ఫియట్ కొనిపించుకున్నాడు. ఏడాదిపాటు మా షెడ్డులోనే ఉంచి నాయనా, తనూ దాన్ని పందేనికి తయారు చేశారు. వెనక సీటు తీసేశారు. ఘాట్లో పదేపదే తొక్కితే బ్రేకులు కాగిపోతాయి కాబట్టి, గాలి తగలడానికి బ్రేకుల రేకులకు వరసగా చిల్లులు వేశారు. ఒక్కొక్క చిల్లూ నాయన కొలతపెట్టి వేశాడు. నాయుడు పక్కన స్టూలు వేసుకొని కూర్చొని చూశాడు. ఆ బండి స్టార్టయిన రోజు అమ్మ పరదా వెనకనుంచి దిష్టి తీసింది.

మామిడి సీజను మంచి జోరు మీద ఉన్న ఒక శుక్రవారం మధ్యాహ్నం, మూడు దాటినా వాళ్లు రాలేదు. నాయుడికి ఫ్యాక్టరీలో పనిపడితే మురళి ఒక్కడే ఫియట్‌లో బయలుదేరాడు. అప్పుడే తుంపర పడి ఆగింది. బంగారుపాళ్యం దాటాక వంక దగ్గర మలుపులో బండి జారి చింతచెట్టును గుద్దింది. నేను పేపర్లు చేతిలో పెట్టుకొని గడప మీద కూర్చునే ఉన్నాను. ఒక లారీ క్లీనరు వచ్చి చెప్పాడు.

రెండు రోజులకు వార్త వచ్చింది. రేసు మోజుకు యువకుడు బలి అని పెద్ద అక్షరాలు. నూట నలభై వేగం అని రాశారు. ఆ ఫియట్ మీటరు మీద చివరి అంకె నూట నలభై. పందెం కట్టి పోతున్నాడన్నారు, ఎవరితోనో మాత్రం రాయలేదు. అన్నిటికంటే ఘోరమైనది చివరన ఉంది. బరువు తగ్గించడానికి చిత్తూరులో ఒక మెకానిక్కు ఆ కారు బ్రేకులను తొలిచేశాడని రాశారు. పేరు రాయలేదు. రాయాల్సిన పని లేదు, చిత్తూరులో అందరికీ తెలుసు. వారం తిరిగేలోగా షెడ్డులో ఉన్న బండ్లన్నీ వాళ్లవాళ్లు తోలుకుపోయారు. సగం విప్పిన జీపును కూడా తాడు కట్టి లాక్కుపోయారు. ఒక పొద్దున లేచి చూస్తే షెడ్డు తలుపు మీద బొగ్గుతో బ్రేకులు తినేవాడు అని రాసి ఉంది. నేను తడిగుడ్డతో తుడుస్తుంటే నాయన చూసి ఏమని రాసినారు అని అడిగాడు. ఎవరో పేరు రాసుకున్నారు అని చెప్పాను. ఆయన తెలుగు చదవలేకపోవడం మంచిదే అని జీవితంలో ఆ ఒక్కసారే అనిపించింది.

పోలీసుల పని అయిపోయాక నుజ్జయిన ఫియట్‌ను నాయుడు మా షెడ్డుకే పంపించాడు. దాన్ని ఇంకెక్కడ పెట్టాలో ఆయనకు తోచలేదేమో. నాయన దాని చుట్టూ తిరిగి, లోపలికి వంగి, స్టీరింగు కింద గేరు కర్రను పట్టుకొని చూశాడు. అది రెండో గేరులో ఉంది. రెండో గేరులో ఎంత తొక్కినా ఆ బండి డెబ్భై దాటదు. మలుపు చూసి మురళి గేరు తగ్గించాడు, అంటే నెమ్మది చేశాడు. బ్రేకులు విప్పితే అవి కొత్తవాటిలాగే ఉన్నాయి. తర్వాత నాయన చక్రాల దగ్గర కూర్చొని టైరు గాడిలోకి వేలు పెట్టాడు. పసుపుపచ్చగా, జిగటగా వచ్చింది. గాడినిండా మామిడి తొక్కూ పీచూ కూరుకొని ఉన్నాయి. షెడ్డు షెడ్డంతా మాగిన బెంగళూరా మామిడి వాసన వేస్తున్నది, అప్పటిదాకా మాకు అర్థం కాలేదు.

ఆ సాయంత్రం నాయన ఉత్తరం చెప్పడం మొదలుపెట్టాడు. గేరు సంగతి చెప్పాడు, చిల్లులు ఎందుకు వేశారో చెప్పాడు. మూడో మాటకు ఆగిపోయాడు. చాలాసేపు కిరసనాయిలు గిన్నెలో చేతులు పెట్టుకొని కూర్చున్నాడు. తర్వాత, మూసెయ్ మా, ఈ ఉత్తరం వద్దు అన్నాడు. నేను ఎందుకని గట్టిగా అడిగాను. ఆయన మీద గొంతెత్తడం నాకది మొదటిసారి.

“ఆ వంకలో గుజ్జు ఫ్యాక్టరీ తొక్కు పోసే ట్రాక్టర్లు ఎవురివో నీకు తెల్దా?” అన్నాడు నాయన. “ఆ మలుపులో తిరిగేవి నాయుడన్న ట్రాక్టర్లే. బిడ్డ దూకుడుగా తోలినాడు, అందుకే పోయినాడు అని అనుకుంటా ఉండాడు ఆయన. ఆ అబద్ధం పట్టుకొని నిలబడుకోనుండాడు. దాన్ని నువ్వు లాగేస్తే ఇంక యాడ నిలబడతాడు?”

మరి మన పేరో అన్నాను. మన పేరు ఈడనే ఉంటాది, యాడికీ పోదు అన్నాడు.

కానీ పోతూనే ఉంది. అమ్మ అంగడికి పోతే పలకరించేవాళ్లు తగ్గారు. ఎద్దు పుండు కాకికి ముద్దా అన్నట్టు, ఆ వార్త రాసిన పేపరు మర్నాడే వేరే వార్తకు పోయింది. పుండు మాత్రం మా ఇంట్లో ఉంది. నాయన రోజంతా ఖాళీ షెడ్డులో కూర్చొని, తుడిచిన స్పానర్లనే మళ్లీ తుడిచేవాడు. నేను మూడు వారాలు ఓర్చుకున్నాను. తర్వాత ఒక మధ్యాహ్నం కాలేజీ నుంచి తిన్నగా పోస్టాఫీసుకు పోయి, అక్కడి బల్ల మీద కూర్చొని ఉత్తరం రాశాను. సక్కెర వేయలేదు. మూడే మూడు వాక్యాలు. బండి రెండో గేరులో ఉంది కాబట్టి వేగం డెబ్భై దాటి ఉండదు. బ్రేకుల రేకులకు చిల్లులు గాలి కోసం వేసినవి, బ్రేకులు చక్కగా ఉన్నాయి. రోడ్డు మీద పడిన మామిడి తొక్కు వాన తుంపరకు తడిసి ఉండటం వల్ల బండి జారింది, టైర్లలో తొక్కు ఇప్పటికీ ఉంది. ఎవరి తొక్కో రాయలేదు. పేరు రాయకపోతే ఎవరినీ అననట్టే అనుకున్నాను. నా తండ్రి పేరు రాయకుండానే ఆయన్ను నిలువునా పూడ్చినవాళ్ల మీద పళ్లు నూరుతూ, నేనూ సరిగ్గా అదే పని చేశాను. శనివారం దాకా ఆగలేదు. కింద నాయన పేరు పెట్టి డబ్బాలో వేశాను.

అచ్చయింది. ఒక్క అక్షరం మార్చకుండా వేశారు. అంతవరకు మేము రాసిన ఉత్తరాల్లో ఏ ఒక్కటీ అంత సాఫీగా అచ్చవలేదు. అది బుధవారం. వీధిలో ఎవరో నాయనకు చదివి వినిపించారు. ఆయన ఇంట్లోకి వచ్చి నావైపు చూశాడు. అమ్మతో అన్నం పెట్టమన్నాడు, పెట్టాక తినలేదు.

శుక్రవారం మూడు గంటలకు నాయుడు వచ్చాడు. మురళి పోయాక ఆయన మా ఇంటికి రావడం అదే మొదలు. గడ్డం పెరిగి ఉంది. ఎప్పుడూ కూర్చునే స్టూలు మీదే కూర్చున్నాడు. నాయన లేచి నిలబడ్డాడు. దొరస్వామి ఆ రోజు నిద్రపోలేదు. నేను పరదా పూర్తిగా వేసుకొని లోపల ఉన్నాను. నాయుడు జేబులోంచి పేపరు ముక్క తీసి, పరదా కిందనుంచి లోపలికి అందించాడు.

“సదువు పాపా,” అన్నాడు. “ఎప్పుడూ నువ్వే గదా సదివేది.”

నా ఉత్తరం నేనే చదివాను. మొదటి వాక్యం అయ్యాక ఆగాను, ఆయన అలవాటు ప్రకారం గీత గీయడానికో టిక్కు పెట్టడానికో. ఆయన చెయ్యి చాచి కాగితం తీసుకొని టిక్కు పెట్టి మళ్లీ ఇచ్చాడు. రెండో వాక్యం చదివాను. మళ్లీ టిక్కు. మూడో వాక్యం మొదలుపెట్టాను. మామిడి తొక్కు అనే మాట దగ్గర ఆగిపోయాను. ‘నిదానంగా’ అన్నాడు నాయుడు, అచ్చం కొడుకు అన్నట్టే. నిదానంగా చదివాను. కాగితం తీసుకున్నాడు. ఈసారి చాలాసేపు పట్టింది.

“ఒక్క తప్పూ లేదు ఖాదరూ,” అన్నాడు. “ఆ పొద్దు ట్రాక్టరుకి గుడ్డ కప్పకుండానే పంపినాను. తొందరగా లోడు పోవాలని నేనే చెప్పినాను.” కొంచెం ఆగి పరదావైపు తిరిగి, “బాగా రాసినావు మా,” అన్నాడు.

అందులో ఎగతాళి లేదు. ఉండి ఉంటే ఇన్నేళ్లు బతకడం నాకు కొంచెం తేలికయ్యేది. కాగితమూ పెన్సిలూ స్టూలు మీదే పెట్టేసి లేచిపోయాడు. నాయన ఆయన వెనకే వీధి చివరిదాకా పోయాడు.

ఉత్తరం పని చేసింది, అది కూడా చెప్పాలి. నెల తిరగకుండా బండ్లు మళ్లీ రావడం మొదలైంది. జీపు ఓనరు సగం విప్పిన బండిని అదే తాడుతో లాక్కొచ్చి, అపార్థం చేసుకున్నామని అన్నాడు. నాయన అందరికీ పని చేసిపెట్టాడు. శుక్రవారాలు మాత్రం లేవు. జుమ్మా నుంచి రాగానే మూడు గంటలకు షెడ్డు తెరిచేసేవాడు. ఎర్ర పెన్సిలునూ కత్తిరింపునూ ఈ రేకు పెట్టెలో వేసి మూతపెట్టాడు. ఆ తర్వాత నా చేత ఒక్క ఉత్తరం కూడా రాయించలేదు. నన్ను తిట్టలేదు, అడగలేదు. ఏదో ఒక రోజు తిడతాడని ఎదురుచూస్తుండగానే నాకు పెళ్లయి తిరుపతి వచ్చేశాను.

నాయుడు ఫ్యాక్టరీని లీజుకు ఇచ్చేశాడు. కానీ ఏటా మామిడి సీజను వస్తే, పొద్దున్నే ఆ మలుపు దగ్గరికి పార, చీపురు, ఇసుక గంప తీసుకొని వచ్చేవాడు. ట్రాక్టర్లు పోయిన దారంతా తొక్కు ఊడ్చి, తడి ఉన్నచోట ఇసుక చల్లేవాడు. లారీవాళ్లు హారను కొట్టి తిట్టుకుంటూ పోయేవాళ్లు. పిచ్చి నాయుడు అనేవాళ్లు. ఒకసారి కాన్పుకు పుట్టింటికి వచ్చి, బెంగళూరు ఆసుపత్రికి బంగారుపాళ్యం మీదుగా బస్సులో పోతూ నేను కళ్లారా చూశాను. పంచె ఎగగట్టి నాయుడు ఊడుస్తున్నాడు. ఆయన వెనక గంప పట్టుకొని ఇసుక చల్లుతున్న మనిషి మా నాయన. షెడ్డు తెరవకముందు మొదటి బస్సుకు పోయి ఎనిమిదింటికల్లా తిరిగి వస్తాడని, సీజనంతా అంతేనని అమ్మ తర్వాత చెప్పింది. ఇద్దరూ ఏం మాట్లాడుకుంటారు అని అడిగాను. ఏమీ మాట్లాడుకోరంట అంది అమ్మ. మురళి పోయిన సంవత్సరం నుంచి మా ఇంట్లో బెంగళూరా మామిడి పచ్చడి పెట్టలేదు. అడిగితే కాయ బాగాలేదు అనేది.

వాళ్లిద్దరూ పోయి చాలా కాలమైంది. నాయుడు ముందు, రెండేళ్లకు నాయన. చివరి రోజుల్లో నాయన మంచం పక్కన కూర్చొని, ఆ ఉత్తరం గురించి నేనే ఎత్తాను. నేను చేసింది తప్పా నాయనా అన్నాను. నువ్వు రాసింది తప్పు కాదు మా, ఆయనకి ముందు నేను పోయి చెప్పి ఉండాల్సింది, నాకు ధైర్యం చాల్లేదు అన్నాడు. అంత జరిగినా నేరం సగం తన మీదికే లాక్కున్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకొని ఏం లాభం అని ఊరుకున్నానే గానీ, ఆ మాట మాత్రం ఇప్పటికీ మింగుడుపడలేదు. ఒక్క గంట ముందు, ఆ ఉత్తరం చేతపట్టుకొని బంగారుపాళ్యం బస్సెక్కి, ఆయనకు ఎదురుగా కూర్చొని చదివి వినిపించి ఉంటే? నిజం మారేది కాదు. కానీ తన కొడుకు చావుకు కారణాన్ని ఆయన ఊరందరితో పాటు పేపర్లో చదువుకునే గతి పట్టేది కాదు.

పోయిన ఏడు బెంగళూరు పోతూ ఆ మలుపు కోసం కిటికీలోంచి చూశాను. రోడ్డు వెడల్పు చేసి, మలుపును సాపు చేసి, చింతచెట్లన్నీ కొట్టేశారు. బండ్లు నూటికి తగ్గకుండా పోతున్నాయి. ఎక్కడ వెతకాలో కూడా తెలియలేదు. మా రోజుల్లో తప్పుడు వార్తకు బదులు చెప్పాలంటే స్టాంపు కావాలి, కవరు కావాలి, శనివారం దాకా ఆగాలి. ఆగేలోగా కోపం చల్లారి తప్పు ఒక్కటే మిగిలేది. ఇప్పటి పిల్లలకు ఆ తీరిక లేదు. వార్త ఇంకా చెబుతుండగానే కింద బదులు పడిపోతుంది. వీళ్లకు తెలిసినది మా నాయనకు తెలిసినదానికి పదింతలు. ఇమ్రాన్ ఫోనులో ఉన్న మూడు పాయింట్లలో ఒక్క తప్పు లేదు. మా నాయుడైతే వరసగా టిక్కులు పెట్టేవాడు.

వాడు తినడం ముగించి చేతులు తుడుచుకుంటూ వచ్చి నా పక్కన నేల మీద కూర్చున్నాడు. రాస్తావా నానీ అన్నాడు. రాస్తాను అన్నాను. మొదటి రెండూ ఇప్పుడే రాసి ఇచ్చేస్తానని చెప్పాను.

“ఆ పూలామె ఎట్లుండాది?” అని అడిగాను.

వాడు అర్థంకానట్టు చూశాడు. ఆమెకేం కాలేదని అన్నాడు. దెబ్బ ఏమైనా తగిలిందా, గంప ఏమైంది, మర్నాడు మళ్లీ పూలు అమ్మడానికి వచ్చిందా అంటే వాడికి తెలియదు. పేరు అడిగాను. పేరు కూడా తెలియదు. పేరెందుకు నానీ, మేము పేరు వెయ్యంగదా అన్నాడు.

తిరుచానూరులో గుడి ముందర పూలమ్మేవాళ్లు ఎంతమంది ఉంటారు? ఆ రోజు ఆ డివైడర్ సందులోంచి వచ్చింది ఎవరో వాళ్లందరికీ తెలిసే ఉంటుంది. పోయి కనుక్కోమన్నాను. మూడో పాయింటు కూడా రాసి ఇస్తాను, కానీ ముందు దాన్ని ఆమె దగ్గరికి తీసుకుపోయి, ఎదురుగా కూర్చొని చదివి వినిపించాలి. ఆమె ఏమంటే అది విని రావాలి. ఆ తర్వాత పంపుదామా వద్దా చూద్దాం అన్నాను. వాడికి నచ్చలేదు. అంతలోపల వార్త పాతబడిపోతాది అన్నాడు. పడనీ అన్నాను. గొణుక్కుంటూనే నేను రాసిన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

వాడి కారు వీధి మలుపు తిరిగే చప్పుడు వినబడేదాకా తలుపు దగ్గరే నిలబడ్డాను. మలుపులో గేరు తగ్గించాడు. లోపలికి వచ్చి కూర్చొని, పక్కన పెట్టిన కత్తిరింపు విప్పాను. కాగితం పచ్చబడి మడతల దగ్గర చిరిగింది. మూడు ఎర్ర టిక్కులు అట్లాగే ఉన్నాయి. మూడోది మిగతా రెండిటికంటే లోతుగా దిగి, కాగితం వెనకవైపుకు కనబడుతున్నది. మొదటినుంచి చివరిదాకా మళ్లీ చదివాను. ఒక్క తప్పూ లేదు.